గాడిదప్ప ఉండగా మనకేం భయం!

మతద్వేషాన్ని అణచడానికి పోలీసులెందుకండీ? శాంతి కమిటీలెందుకు? ఒక్క కార్టూన్ గాడిద చాలు! నవ్వుతున్నారా? నవ్వండి. మా ఉద్యమమే అది!

మాది నగరి. వీధి నిండా మరమగ్గాలు. ఏ ఇంట్లో మగ్గం ఆగినా, వీధి చివర ఉండే మెకానిక్ మస్తాన్‌కు తెలిసిపోతుంది. చప్పుడు తగ్గితే చాలు, పిలవకుండానే పానాల సంచితో వచ్చేస్తాడు. ఇరవై ఏళ్లలో ఆయన నంబరు సేవ్ చేసుకోవాల్సిన అవసరమే మాకు రాలేదు.

ఆరు వారాల క్రితం, మస్తాన్ కూడా ఉన్న మా వీధి వాట్సాప్ గ్రూపులో ఎదురింటి పరంధామయ్య ఒక ఫార్వర్డ్ పెట్టాడు. 'ఆ మతం వాళ్లు మగ్గానికి మందు కలిపిన నూనె పూస్తారు. ఆ చీర కడితే సంతానం కలగదు. మేలుకో!' అంతే! ఇద్దరు ముగ్గురు మస్తాన్‌ను గడప దగ్గరే ఆపేశారు. ఆయన రావడం మానేశాడు.

నా రక్తం ఉడికిపోయింది. వెంటనే ఫోన్ తీశాను! వీరుడన్నవాడు ఈ రోజుల్లో ఇంకేం తీస్తాడు?

అలా పుట్టాడు మా గాడిదప్ప. ఎవరి మురికి మూటైనా విప్పి చూడకుండా మోసే రకం. మొదటి మీమ్‌లో వెనకాల తొమ్మిది పిల్లలతో నిలబడి, "ఆ నూనె నాలుగు డబ్బాలు తాగినానప్పా!" అన్నాడు. వీధి పడీపడీ నవ్వింది. సుబ్బులమ్మ పెద్దమ్మ దాన్ని డీపీగా పెట్టుకుంది. పరంధామయ్య సైతం నవ్వే బొమ్మలు ఏడు పెట్టాడు! ద్వేషం చచ్చినట్టా, కాదా? నలభై మీమ్‌లు చేశాను. తిరుపతిలో ఎవరో పిలిచి శాలువా కూడా కప్పారు.

మొన్న సోమవారం పొద్దున మా మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే నాడె ఇరుక్కుంది.

"మస్తానన్నను పిలుసుకోని రా పో" అంది నా భార్య చంద్రిక.

"ఎదురుగా పరంధామయ్య కూర్చోనుండాడు. ఈ ఒక్కసారికి వద్దులే" అన్నాను. పుత్తూరు నుంచి వేరే మెకానిక్‌ను రప్పించాను. ఉద్యమకారుడికి కాస్త వ్యూహం ఉండాలి కదా!

మధ్యాహ్నం మస్తాన్ వచ్చి వీధిలోనే నిలబడ్డాడు. చేతిలో పానాల సంచి ఉంది.

"నీ గాడిద బొమ్మలు నాకూ వచ్చినాయన్నా. ఇంట్లో అందరం నవ్వినాం" అన్నాడు. "పొద్దున్నుంచి నీ మగ్గం ఇనపడలేదే. లోపలికి రావచ్చునా?"

నేను ఎదురింటి వైపు చూశాను. అంతలో లోపల పుత్తూరు మెకానిక్ మగ్గం నడిపించాడు. మస్తాన్ ఆ చప్పుడు కాసేపు విన్నాడు.

"నాడె ఇంకా తగుల్తా ఉండాది. సూసుకోమని చెప్పన్నా" అని వెళ్లిపోయాడు.

నాకు నిజంగానే సిగ్గేసింది. ఎంత సిగ్గేసిందంటే, అక్కడికక్కడే కూర్చుని నలభై ఒకటో మీమ్ చేశాను! వీధంతా లైక్ కొట్టింది.

మస్తాన్ కూడా కొట్టాడు.