వద్దనడం తెలియని ఊళ్లో నవలల బల్ల

మా ఊళ్లో ఎవరూ దేన్నీ వద్దనరు. మాడిన కేకు పెట్టినా "ఇదేదో కొత్తగా ఉందే" అని తినేస్తారు. అమెరికాలోని ఈ మిన్నెసోటాలో పుట్టి అరవై ఏడేళ్లు బతికిన నేనే ఈ సంగతి మరిచిపోయానంటే, నా ఖర్మ కాక మరేమిటి?

నా బాధల్లా ఒక్కటే. మే నెలలో సరస్సు మీద చేపల వేట మొదలయ్యే శనివారం నాడు పడవలో నా పక్కన నా భార్య వెర్నా ఉండాలి. ఇరవై ఆరేళ్లుగా ఆవిడ ప్రతి శనివారమూ లైబ్రరీలో, ఎవరికే నవల నచ్చుతుందో చెప్పే బల్ల దగ్గరే ఉంటోంది. పడవలో నాతో నేనే మాట్లాడుకుంటున్నాను.

"మానెయ్యరాదూ?" అన్నాను. "నవలలు వెతకడానికి ఆన్‌లైన్ డేటాబేస్ ఉందిగా. ఓ మాట కొడితే వంద పేర్లు వస్తాయి. మధ్యలో నువ్వెందుకు?"

"అయితే నువ్వే కూర్చో," అంది వెర్నా ఉల్లిపాయలు తరుగుతూ. "నెల రోజులు. నీ దగ్గర పుస్తకం తీసుకున్నవాళ్లు సంతోషంగా ఉంటే ఉద్యోగం మానేసి పడవెక్కుతాను."

"మాట తప్పవుగా?"

"నేనెప్పుడు తప్పాను? పెళ్లినాడే తప్పాల్సింది."

లైబ్రరీ అధికారిణి మిస్ క్విస్ట్ సంగతి విని ఒకసారి తల ఊపింది. ఆవిడ లెక్కలో అది ఎగిరి గంతేయడమే.

మొదటిరోజు సోల్వెగ్ పెద్దమ్మ వచ్చింది. పోయిన చలికాలంలో పాపం భర్త పోయాడు. ఊరంతటికీ తెలిసిన విషయం, మళ్లీ అడగడమెందుకు? 'వితంతువు', 'చలికాలం' అని కొట్టాను. ఏడు నవలలొచ్చాయి. ఏడింటిలోనూ ఎవరో ఒక ముసలావిడ మంచులో పోతుంది.

"ఇదేదో కొత్తగా ఉందే," అని ఏడూ పట్టుకెళ్లింది.

పాడిరైతు ఇంగ్వాల్డ్‌కి 'ఆవులు', 'కొట్టం' అని కొట్టాను. కొట్టంలో మూడు హత్యలు జరిగే నవల వచ్చింది. రోజూ తెల్లారకముందే ఒంటరిగా కొట్టంలోకి వెళ్లి పాలు పితికే మనిషి. "నీ మేలు మరవను ఓర్వల్," అని తీసుకెళ్లాడు. పాస్టరు గారికి 'ప్రేమ' అని కొట్టి ఒకటిచ్చాను. ఆయన అట్ట చూసి, దాన్ని కోటు లోపల దాచుకుని వెళ్లాడు.

నెలాఖరుకి నూట నలభై పుస్తకాలు. వద్దన్నవాడు ఒక్కడు లేడు!

ఈలోగా మా ఫ్రీజరు నిండా ఎవరెవరివో హాట్‌డిష్ పళ్లాలు చేరాయి. మా ఊళ్లో మాంసం, బంగాళదుంపల ఆ వంటకం చావు జరిగిన ఇంటికి గానీ ఇన్ని పళ్లాలు తేరు.

"ఎవరైనా పోయారా?" అన్నాను.

"అందరూ కులాసా," అంది వెర్నా.

చివరిరోజు గెలుపు చాటుకుందామని పెందరాళే ఇంటికొచ్చాను. వంటింట్లో సోల్వెగ్ పెద్దమ్మ, ఇంగ్వాల్డ్, పాస్టరు గారు ఒళ్లో హాట్‌డిష్ పళ్లాలు పెట్టుకుని వరసగా కూర్చున్నారు. వెర్నా ముందు లాప్‌టాప్. అందులో అదే డేటాబేస్!

"చివరిసారి ఏ పుస్తకం నిన్ను నవ్వించింది పెద్దమ్మా?" అని అడుగుతోంది వెర్నా. పది నిమిషాలు మాట్లాడించి, అప్పుడు కొట్టింది: 'హాస్యం', 'మొండి ముసలమ్మలు', 'నింపాది కథనం'.

"నచ్చకపోతే నాతోనే వద్దనొచ్చుగా!" అన్నాను.

"అయ్యో, అంత కష్టపడి వెతికావు నాయనా. నొచ్చుకోవూ?" అంది పెద్దమ్మ. "ఏడూ చదివాను కూడా. నాలుగోది చదివాక దీపం ఆర్పకుండానే పడుకుంటున్నా."

నాకు చచ్చేంత సిగ్గేసింది. మొగుడు పోయిన మనిషిని ఒక్క ప్రశ్నయినా అడగకుండా ఏడు చావులు చేతిలో పెట్టాను.

"ఓడిపోయాను వెర్నా. శనివారం నుంచి నీ బల్ల నువ్వే చూసుకో."

అప్పుడే వెనక తలుపు తీసుకుని మిస్ క్విస్ట్ వచ్చింది. ఆవిడ చేతిలోనూ పళ్లెమే.

నన్ను చూసి ఉలిక్కిపడి, "ఓర్వల్ గారూ! మీరు రావడం మాకెంత సాయమో!" అంది. "సెప్టెంబరు దాకా శనివారాలు మీకే రాసేశాను. మీకేం ఇబ్బంది లేదు కదా?"

నోరు తెరిచాను. వంటింట్లో ఐదు జతల కళ్లు నన్నే చూస్తున్నాయి.

"అబ్బే, ఇబ్బందేముంది," అన్నాను.

వెర్నా గోడకున్న పడవ తాళంచెవి తీసుకుంది. "పోన్లే, నాకు శనివారాలు ఖాళీ. మా అక్క యూనిస్‌కి పడవెక్కడానికి రమ్మని మూడు వారాల కిందటే చెప్పాను. చేపలకి ఎరవేసే జలగలు ఎక్కడ పెట్టావ్?"

"ఫ్రిజ్‌లో, పాల వెనకాల," అన్నాను.