ఖాళీ గొట్టం

ఇల్లాలి మీద ఒక నేరం మోపితే తప్ప ప్రొఫెసరుగారికి పొద్దున కాఫీ దిగదు. కళ్ళజోడు నుదుటి మీదే ఉంచుకుని, ఆవిడే ఎక్కడో పారేసిందంటారు. ఉప్పు సరిపోయిందని ఆవిడంటే, "ఒక్కసారి చూస్తే అదీ ఒక కొలతేనా? రెండోసారీ అదే రావాలి!" అంటారు. పాతికేళ్ళ కాపురంలో "తప్పు నాది" అన్న పాపాన పోలేదు.

ఆ పొద్దున ఆయన తలపెట్టిన పని చిన్నదే. శిష్యురాలు నాలుగేళ్ళు కష్టపడి తయారుచేసిన రాగి మిశ్రలోహపు పొడిని పెద్ద అయస్కాంతంలో పెట్టి, రేడియో తరంగాలతో తట్టి, లోపలి రాగి కేంద్రకాలు ఏమని బదులిస్తాయో థీసిస్ పరీక్షకులకు చూపించాలి. తెర మీది గీత రెండుచోట్ల లేస్తుంది. ఒకటి కొండంత, పక్కనే ఒకటి పుట్టంత. కొండే తమ లోహానిదని ఆయన వాదన.

"కాదు సార్, కొండ యంత్రంలో ఉన్న రాగి తీగచుట్టది. మనది ఆ పుట్ట. ఖాళీ గొట్టం పెట్టి చూస్తే తేలిపోతుంది" అంది ఆ పిల్ల ముందురోజే.

"ఖాళీ గొట్టంలో ఏముంటుందమ్మా, నా తలకాయ!" అని దాన్ని లాక్కుని, పొడి ఉన్న గొట్టంతోపాటు జేబులో పడేసుకుని ఇంటికొచ్చారు. రెండిటికీ, లోపలిది కనబడకుండా, ఒకేలా తెల్లటేపు చుట్టి ఉంది. ఆయన మాట నెగ్గితే ఆ పిల్ల థీసిస్ మళ్ళీ మొదటికొస్తుంది.

తెల్లారి హడావిడిలో ఒక గొట్టాన్ని కొత్త చొక్కాలోకి మార్చుకుని వెళ్ళారు. రెండోది ఉతకబోయే చొక్కాలో ఇల్లాలికి దొరికింది. ఊపి చూస్తే లోపల పొడి ఆడింది. ఫోన్ చేసింది.

"ఏమండీ, మీ గొట్టం ఒకటి ఇక్కడ..."

"ఖాళీది! పారెయ్!"

"ఇందులో ఏదో పొడి..."

"పసుపో కారమో అయ్యుంటుంది! పరీక్షకులొచ్చారు, పెట్టెయ్!"

ఆవిడ బస్సెక్కింది.

ల్యాబులో కొండ ఠీవిగా లేచింది. ప్రొఫెసరుగారు పొంగిపోయి డైరెక్టరుకి కబురు పెట్టారు. డైరెక్టరు ఫోటో తీసేవాణ్ణి వెంటపెట్టుకొచ్చారు.

"నీ పుట్ట ఏదమ్మా? చీమలు పట్టుకెళ్ళాయా?" అన్నారు ప్రొఫెసరుగారు శిష్యురాలితో.

"రోజూ వచ్చేది సార్..." అంది ఆ పిల్ల కళ్ళనీళ్ళతో. 'మరో రెండేళ్ళు' అని రాసి, పెద్ద పరీక్షకుడు సంతకానికి కలం ఎత్తాడు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. అయస్కాంతం దగ్గరికి ఇనుము తేకూడదని కాపలావాడు తాళాలూ, జడపిన్నులూ అన్నీ తీయించడంతో, ఇల్లాలు జుట్టు విరబోసుకుని నిలబడి ఉంది. ఫోటోలాయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"పారెయ్యమన్నారుగా, ఆ శుభకార్యం మీ చేతులమీదుగానే కానివ్వండి" అని గొట్టాన్ని ఆయన చెవి దగ్గర ఊపింది.

లోపల పొడి గలగలమంది. ప్రొఫెసరుగారు యంత్రంలోని గొట్టాన్ని బయటికి తీసి టేపు విప్పారు. గాలి తప్ప ఏమీ లేదు.

"మరి ఇంతసేపూ పలికిందెవరు?" అన్నాడు పెద్ద పరీక్షకుడు.

"తీగచుట్ట సార్" అంది ఆ పిల్ల, కళ్ళు తుడుచుకుంటూ.

పొడి ఉన్న గొట్టం లోపలికి వెళ్ళింది. కొండ పక్కనే, పావుగంటకి, మెల్లగా పుట్ట లేచింది. పెద్ద పరీక్షకుడు తను రాసినదాన్ని అడ్డంగా కొట్టేశాడు.

ప్రొఫెసరుగారు గొంతు సవరించుకున్నారు. "తప్పు నాదే. అమ్మాయి చెప్పిందే నిజం."

"ఇంకోసారి అనండి. ఒక్కసారైతే అదీ ఒక కొలతేనా?" అంది ఇల్లాలు.

రెండోసారీ అదే వచ్చింది.