ఎనిమిది దగ్గర ఆగిన కంప్యూటర్

1995 దసరా తరువాత నారాయణపేట ఇరవై ఒకటో శతాబ్దంలోకి ప్రవేశించవలసి ఉండగా, అనివార్య కారణాల వల్ల ఆ కార్యక్రమం నా గదిలో ఆగిపోయిందని తెలియజేయడానికి చింతిస్తున్నాను.

గది నేత సంఘానిది. చీరల అంచులు కంప్యూటర్ మీద గీసి చూపిస్తానని నమ్మించి, అక్కడున్న నూలు కట్టలు వరండాలో పెట్టించి, అందులో చేరాను. సోమవారం సంఘం సమావేశం. యంత్రం మెప్పిస్తే గది నాది. లేకపోతే నూలుది.

కంప్యూటర్ పెట్టె ముఖం మీద ఎర్ర అంకెలుంటాయి. అవి దాని వేగం. అరవై ఆరు ఉండాలి. దసరా మరునాటి నుంచి ఎనిమిది దగ్గర కూర్చుంది. ఒక్క అంచు గీయడానికి ఎనిమిది నిమిషాలు.

ఆరు నెలల కోర్సు మూడు నెలల్లో పూర్తి చేసిన నిపుణుడిని కాబట్టి, తప్పు తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డుదేనని పెట్టె తెరవకుండానే తేల్చాను. తరువాత తెరిచి, కార్డు ఊడదీసి, పెన్సిల్ రబ్బరుతో దాని పళ్లు తోమాను. ఎనిమిది. వేడి చేసిందేమోనని కిటికీకి తడి గోనెపట్టా కట్టాను. ఎనిమిది. చెప్పులతో లోపలికి రాకూడదని ఉత్తర్వు జారీ చేశాను. దాన్ని మొదట ఉల్లంఘించినవాణ్ని నేనే.

ఆదివారం పరువు పక్కనబెట్టి, టీవీలు బాగుచేసే షరీఫ్‌ను పిలిచాను. అతను పెట్టె తెరవనే లేదు.

"అన్నా, దీనికి బొట్టు ఎవలు పెట్టిన్రు?"

"నేనే. ఆయుధ పూజనాడు."

"భక్తి మంచిదే. కని, వేగం మీట మీదనే పెట్టినవ్. చందనం ఎండి మీట లోపటికి పోతలేదు. పాపం, కార్డును ఊకె సతాయించినవ్!"

సూదితో గీకి, అంకెల పక్కనున్న ఆ మీట నొక్కాడు. అరవై ఆరు! ఇంకోసారి నొక్కితే మళ్లీ ఎనిమిదేనట.

సోమవారం అధ్యక్షుడు గుర్వయ్య, నలుగురు సభ్యులు, మగ్గం మీద డిజైన్ దింపవలసిన బిక్షమ్మ వచ్చారు. నిమిషంలో అంచు గీసి చూపించాను.

"గింతేనా?" అన్నాడు గుర్వయ్య. "గింత జల్దీ అయితే గదేం పని? ఏడనో తయారున్నది తెచ్చి పెట్టినవ్. నూలు లోపటికి తెప్పియ్యుండ్రి."

నా వేలు నన్ను అడగకుండానే మీట నొక్కింది. ఎనిమిది. "ఈసారి మీ ఎదుటే కొత్త అంచు," అన్నాను.

ఒక గీత వచ్చింది. ఆగింది. ఇంకొకటి వచ్చింది. సభ్యులు ముందుకు వంగారు. ఒకాయన చెప్పులు విడిచాడు. "సోంచాయిస్తాంది," అన్నాడు మరొకాయన, దాని ఆలోచన చెడగొట్టకుండా గొంతు తగ్గించి. ఎనిమిది నిమిషాలయ్యాక గుర్వయ్య తన చెమట తుడుచుకున్నాడు.

"గిదీ కష్టమంటే!"

మొదటి తీర్మానం: యంత్రము శ్రద్ధగా, నిదానముగా, పెద్దల యెడల గౌరవముతో పనిచేయుచున్నందున గది దానికే కేటాయించడమైనది. రెండవ తీర్మానం: బిక్షమ్మ గడువుకు రెండు దినములు ముందే చీర నేసి ఇచ్చుచున్నందున, పనియందు శ్రద్ధ లోపించినదని మందలించడమైనది. రెంటికీ చప్పట్లు మోగాయి. నావే గట్టిగా మోగాయి.

అందరూ వెళ్లారు. బిక్షమ్మ మాత్రం కదల్లేదు. నా వేలు ఎటు పోయిందో చూసిన మనిషి ఆమె ఒక్కతే.

"సారూ, ముప్పై ఏండ్ల సంది జల్దీ నేసి తిట్లు తింటున్న," అంది. "గా మీట నాకేడుందో జర ఎతుకు."