డెల్బర్ట్ మలుపు తిరిగాడు

ఆ ఉదయం డెల్బర్ట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య నెల్డా చర్చి హాల్లో వంటల పనిలో ఉండగా, ఆమె పదకొండు రోజుల క్రితం కొన్న ట్రక్కులో వెళ్లి, తుఫాను మేఘాన్ని దూరం నుంచి చూసి, సొట్ట పడకుండా తెచ్చి షెడ్డులో పెట్టెయ్యాలి. "దాని మీద ఒక్క వడగల్లు పడిందో, ఇక నీ కాపురం షెడ్డులోనే" అని ఆమె ముందే చెప్పి ఉంచింది.

మే నెల వస్తే ఒక్లహోమాలో డెల్బర్ట్ కాలు ఇంట్లో నిలవదు. ముప్ఫై ఏళ్లుగా ఆ కాలంలో లేచే టోర్నడోల, అంటే రాకాసి సుడిగాలుల, వెంట పడుతున్నవాడు. ఆయన ఎక్కడున్నాడో చూపించే ఎర్రచుక్క తుఫాను వేటగాళ్లందరి ఫోన్లలోనూ ఉంటుంది. ఆయన ఎటు తిరిగితే లోకమంతా అటే.

మధ్యాహ్నానికి నైరుతి నల్లబడింది. మేఘం అడుగున గిరగిర తిరగడం మొదలైంది. డెల్బర్ట్ గుండె గంతులేసింది. సరిగ్గా అప్పుడే, పొద్దుటి నుంచి తాగిన రెండు ఫ్లాస్కుల కాఫీ తన సంగతి తేల్చమంది. ఆయన తారు రోడ్డు వదిలి ఎర్రమట్టి దారిలోకి తిరిగి, ఒక పొద దగ్గర ఆపాడు.

పని ముగించుకుని చూస్తే వెనక పదిహేను బండ్లు.

"ఏం కనిపెట్టారు గురువుగారూ?" మొదటి బండిలోంచి టానర్ అనే గడ్డపాయన అరిచాడు.

"ఏమీ లేదయ్యా బాబూ! వెనక్కి పొండి!"

"విన్నారా? మనల్ని తరిమేస్తున్నాడంటే పెద్దదే దొరికింది!" టానర్ ఆ మాట ఫోన్లో ఊరంతటికీ చాటాడు. పావుగంటలో బండ్లు ముప్ఫై అయిదయ్యాయి. అంతలో వాన దంచికొట్టింది. ఎర్రమట్టి కాస్తా జావ అయి చక్రాలను మింగేసింది. ఆపైన నిమ్మకాయలంత వడగళ్లు.

నెల్డా ఫోన్ చేసింది. "ఏమయ్యా, టీవీలో బురదలో కూరుకుపోయిన ట్రక్కొకటి చూపిస్తున్నారు. నాదేనా?"

"అలాంటి ట్రక్కులు చాలా ఉంటాయి కదా."

"వాటన్నిటి పక్కనా నువ్వే నిలబడి ఉంటావా?"

జవాబు చెప్పేలోపే మేఘంలోంచి టోర్నడో తొండంలా నేలకు దిగింది. ముందు బురద, వెనక ముప్ఫై అయిదు బండ్లు.

"బండ్లు వదలండి! దారి పక్క గోతిలో పడుకోండి!" డెల్బర్ట్ గొంతు చించుకున్నాడు. తలమీద చేతులు పెట్టుకుని అందరూ బోర్లా పడ్డారు. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి ఆయనకు టోర్నడోను చూడాలనిపించలేదు. నెల్డాను చూడాలనిపించింది.

అది రెండు పొలాల అవతలి నుంచి దాటిపోయింది. మనుషులకు గీత పడలేదు. బండ్లలో అద్దమన్నది మిగలలేదు. కాసేపటికి నెల్డా ట్రాక్టరు నడుపుకుంటూ వచ్చి, దూకి, మొగుణ్ణి బురదతో సహా వాటేసుకుని ఏడ్చింది. "ట్రక్కు పోతే పోయింది. మనిషివి దక్కావు!" కళ్లు తుడుచుకుని చెయ్యి చాపింది. "తాళాలు ఇటివ్వు."

టానర్ మాత్రం ఆయన కాళ్లకు మొక్కినంత పని చేశాడు. "ఇక్కడే దిగుతుందని ఎలా పసిగట్టారు?"

"పసిగట్టడం కాదయ్యా, ఒంటేలుకి ఆగాను!"

"ఎంత వినయమో చూడండి!" అన్నారంతా.

మరుసటి వారం, తుఫాను వేళ బండి క్షేమంగా నడపడం ఎలాగో నాలుగు మాటలు చెప్పమని ఊరి పెద్దలు కబురు పెట్టారు. డెల్బర్ట్ నాలుగు మైళ్లూ నడిచి వెళ్లాడు.