రేజరుంటేనే హాజరు

ప్రతి మగాణ్ణీ జీవితంలో ఒక్కసారైనా ఏదో ఒక మిషను "నువ్వు నువ్వు కాదు పో" అని గెంటెయ్యాలి. అప్పుడుగానీ గడ్డం గీసుకోవడంలో ఉన్న పరమానందం తెలిసిరాదు!

నవ్వకండి. యాభై రెండేళ్ళు నిండాక, ఈ బందరులో, నాకది తెలిసొచ్చింది. చలవ మా ఆఫీసు ఫోనుది.

మాకిప్పుడు హాజరుపట్టీలో సంతకాల్లేవు. ఫోనుకి మొహం చూపించాలి. ఆ పద్ధతి పెట్టిన రోజే నేను తిరుపతి నుంచి దిగాను. గుండూ నున్నగా, గడ్డమూ నున్నగా! ఆ మొహాన్నే అది నా శాశ్వత ముఖంగా రాసేసుకుంది. తర్వాత జుట్టు మొలిస్తే పెద్దమనసుతో క్షమించింది. గడ్డం మాత్రం ఆవగింజంత మొలిచినా "ముఖం సరిపోలలేదు" అంటుంది.

ఎంత భాగ్యమండీ! పెళ్ళిచూపుల్లో కూడా నా మొహాన్ని ఎవరూ ఇంత శ్రద్ధగా చూడలేదు. ముందు షేవ, తర్వాతే ప్రభుత్వ సేవ!

మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. వీధి చివర సలాం షాపుంది. పొద్దున్నే వెళ్ళి గడ్డం అప్పజెబితే చాలు. చిక్కల్లా మంగళవారం. ఆ రోజు సలాం షాపు తీయడు.

"మంగళారం కత్తి పట్టను సార్. మా నాన్న పట్టలేదు, మా తాత పట్టలేదు. మీ ఫోను కోసం నేను పడతానా?"

పోనీ ఇంట్లో గీసుకుందామంటే మా అమ్మ సీతామహాలక్ష్మి గడపకి అడ్డంగా కూర్చుంది. "ఒరేయ్, మంగళారం పూట ఈ ఇంట్లో గెడ్డం గీశావో, మంచినీళ్ళు కూడా ముట్టను!"

అలా వరసగా మూడు మంగళవారాలు నేను ఆఫీసుకొచ్చి కూడా రాలేదు. నేను రాకపోతే ప్రభుత్వానికి నష్టమేముంది? ఏమీ లేదు, ఒప్పుకుంటాను. కానీ ఫోను నా మొహాన్ని ఒప్పుకుంటేగానీ నా కంప్యూటరు తెరుచుకోదు. అది తెరుచుకుంటేగానీ అమ్మాజీ దరఖాస్తు కదలదు.

అమ్మాజీది దివిసీమ, నాగాయలంక అవతల పల్లె. భర్త పోయి ఏడాదైంది. వితంతు పెన్షనుకి పెట్టుకుంది. ఆవిడ రొయ్యలు వలిచే షెడ్డుకి సెలవు మంగళవారమే. మూడు వారాలూ బస్సెక్కొచ్చింది. మూడు వారాలూ నా ఎదురుగా నిలబడి, నేను లేనని విని వెళ్ళింది.

"ఎదురుగానే కూచున్నారు గదండీ, లేరంటారేంటి?"

"ఉన్నానమ్మా. కానీ రాలేదు."

అమ్మాజీ దరఖాస్తు గడువుకి ఇంకొక్క మంగళవారమే మిగిలింది. సోమవారం వెళ్ళి సలాం కాళ్ళమీద పడ్డంత పని చేశాను. పిడి తిప్పితే రెక్కలు విచ్చుకునే పాత స్టీలు రేజరు, బ్రష్షు, గిన్నె, సబ్బుబిళ్ళ, పటిక ముక్క చేతిలో పెట్టాడు. "నీళ్ళు వేడిగా, చెయ్యి తేలిగ్గా. తొందరపడ్డారంటే తెగుద్ది సార్!"

మంగళవారం తొమ్మిదింటికి ఆఫీసు వెనక కుళాయి దగ్గర కిటికీకి అద్దం తగిలించాను. టీకొట్టు నుంచి వేణ్ణీళ్ళు తెచ్చుకున్నాను. బ్రష్షు తిప్పాను. ఆహా! గేదెపాల మీగడలాంటి నురగ! బ్లేడు జారుతుంటే సర్రు సర్రుమని వరికోత చప్పుడు! ఒకసారి పైనుంచి కిందికి, ఇంకోసారి కిందనుంచి పైకి. మిత్రులారా, మీ బ్యాటరీ మిషన్లన్నీ కాలవలో పారేయండి! మూడుచోట్ల తెగిందనుకోండి. నుదుటి గీతలు దేవుడివి, గడ్డం మీద గీతలు నావి. పటిక రాస్తే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంక్రిమెంటు వచ్చినప్పుడు కూడా రాని ఆనందబాష్పాలు!

ఫోనుకి మొహం పెట్టాను. "స్వాగతం" అంది! కంప్యూటరు తెరుచుకుంది. అమ్మాజీ పేరు వచ్చింది. ఇక ఆవిడ వేలిముద్ర ఒక్కటే బాకీ.

వేలు పెట్టింది. "సరిపోలలేదు." కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. "సరిపోలలేదు." పది వేళ్ళూ అయ్యాయి.

"ఆ నురగేదో నా వేలిక్కూడా రాయండి బాబూ. మీకు పంజేసింది గదా!"

రాశాను. సలాం చెప్పినట్టే, తొందరపడకుండా, గుండ్రంగా తిప్పుతూ రాశాను. వేణ్ణీళ్ళతో కడిగి పటిక కూడా రాశాను. "సరిపోలలేదు." పెద్దసారుని అడిగితే, "మిషను ఒప్పుకోకపోతే నేనెవర్నయ్యా?" అన్నారు.

అప్పుడు ఆ బొటనవేలు పట్టుకుని చూశాను. ఒక్క గీత లేదు.

"పాతికేళ్ళు ఊడ్పులు, పదేళ్ళు రొయ్యలండీ. గీతలెక్కడ మిగుల్తాయి?" అంది.

అయ్యా, గడ్డం నున్నగా లేదని నన్ను మూడు వారాలు గెంటేసిన సర్కారే, వేలు నున్నగా ఉందని ఈవిణ్ణి గెంటేసింది. నాకు మొలిచింది గీసేయడానికి సలాం ఉన్నాడు. ఈవిడకి అరిగిపోయింది మొలిపించే షాపు ఏ వీధిలో ఉందో, ఏ వారం తీస్తారో, తెలిసినవాళ్ళు చెప్పండి.

అమ్మాజీ కాయితాలు సంచిలో పెట్టుకుంది.

"మీకు హాజరు పడిందా బాబూ?"

"పడిందమ్మా."

"పోన్లెండి. పాపం, మూడు వారాల్నించీ తిరుగుతున్నారు" అని, బస్సు వేళయిందని వెళ్ళిపోయింది.