రబ్బరు రింగు మీద బొట్టు

భాలుబాసాలో ఆదిబాబు గడ్డం గీసుకోవడం మొదలుపెడితే, రెండో చెంప నున్నబడేసరికి మొదటి చెంప మళ్లీ మొలుస్తుందని వాళ్లావిడ పోలమ్మ ఎగతాళి. ఆ మనిషికి తగ్గ మిషనే దొరికింది. ఆదిత్యపూర్‌లో సోమేశ్వరరావు గారి సోలార్ షెడ్డులో, గాజు పలక మీద సిలికాన్‌ను పాల మీద మీగడలా పల్చగా పట్టించే మిషను. ఆ మీగడ కట్టడానికి గంటన్నర. పదకొండేళ్లుగా దాని ఆలనాపాలనా ఆదిబాబుదే.

ఇప్పుడు పది నిమిషాల్లో మీగడ కట్టించే కొత్త మిషను దిగింది. ఇవాళ పదింటికి పలకలు కొనే పెద్దమనిషి రాంచీ నుంచి చూడ్డానికి వస్తున్నాడు. అది బాగా ఆడితే మధ్యాహ్నం పాతది తుక్కుబండికి, ఆదిబాబు గేటు కాపలాకి.

“కొత్త మిషిన్‌కి బొట్టెట్టినావేటి?” అంది పోలమ్మ.

“నా పొట్ట కొట్టే మిషిన్‌కి నానే బొట్టెట్టాలేటి?”

“పొట్ట కొట్టినా మిషిన్ మిషినే. ఎల్లు!” అని పసుపు పొట్లం జేబులో కుక్కింది.

తొమ్మిదింటికి షెడ్డు చేరిన ఆదిబాబు, ఇదే ఆఖరు కదా అని పాత మిషనులో ఒక పలక పెట్టి మీట నొక్కాడు. తరువాత కొత్తదాని దగ్గరికి వెళ్లాడు. బొట్టు పైన పెడితే ఇంజనీరమ్మ బిందుప్రియ తుడిచేస్తుంది. మొన్న గుమ్మానికి పెడితేనే, “చాచా, యే లేబ్ హై, మందిర్ నహీ!” అని, ఇది ల్యాబేగాని గుడి కాదంటూ స్పిరిటుతో కడిగింది. అందుకని మూత ఎత్తి, దాని కింద రబ్బరు రింగు మీద, ఎవరికీ కనబడకుండా, మూత కింది చీకట్లోనే చేత్తో తడిమి ఒక బొట్టు పెట్టాడు.

పదయింది. పెద్దమనిషి వచ్చాడు. బిందుప్రియ పంపు వేసింది. లోపలి గాలంతా పోతేగాని పని మొదలవదు. గాలి పోవడం లేదు. ఎక్కడో సందు!

సోమేశ్వరరావు గారు బోల్టులు బిగించారు. ఒక బోల్టు చేతిలోకి ఊడొచ్చింది. పంపు నూనె మార్చబోతే డబ్బా ఒరిగి, పెద్దమనిషి తెల్ల ప్యాంటు మోకాళ్ల దాకా నల్లబడింది. అది తుడవడానికి స్పిరిటు పోస్తే మరక నడుం దాకా ఎక్కింది.

“బస్ కీజియే! ఇక చాలు!” అన్నాడాయన.

ఆదిబాబుకి సంగతి తెలిసిపోయింది. రింగు మీది పసుపు రేణువే ఆ సందు! చెబితే కావాలని చేశాడంటారు, గేటు కూడా దక్కదు. చెప్పకపోతే అందరి కూడూ పోతుంది.

“బాబూ, మూత ఇప్పండి. తప్పు నాదే. రింగు మీద బొట్టెట్టాను” అన్నాడు.

మూత విప్పారు. రింగు మీద పసుపు బొట్టు ఉంది. దాని పక్కన సిందూరం ఉంది. ఆ పక్కన చందనం.

తను పెట్టింది ఒక్కటే కదా అని ఆదిబాబు కళ్లు నులుముకున్నాడు.

“సిందూరం... మా గౌరీదేవి పంపింది. ఆవిడ మాట కాదంటే ఇంట్లో అన్నం పుడతాదేటయ్యా?” అన్నారు సోమేశ్వరరావు గారు ఇంటావిడను తలుచుకుని.

అందరూ బిందుప్రియ కేసి చూశారు. ఆ పిల్ల చెవులు సిందూరం కంటే ఎర్రబడ్డాయి. “మమ్మీ నే బోలా థా” అని వాళ్లమ్మ మీదికి నెట్టింది నేలచూపులు చూస్తూ.

అంతలో మూలనుంచి టింగుమని గంట మోగింది. పాత మిషను గంటన్నర పని ముగించింది. ఆదిబాబు పలక తీసి తెచ్చాడు. పెద్దమనిషి దాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా మరక లేదు. ఆ షెడ్డులో మరక లేనిది అదొక్కటే.

“ఐసా మాల్ చాహియే. ఇలాంటి సరుకే కావాలి. ఇది చేసినవాణ్ణి మాత్రం మార్చకండి” అన్నాడు.

తుక్కుబండి ఖాళీగా వెళ్లింది. రింగు కడిగాక కొత్తది కూడా ఆడింది. రెండింటికీ ఆదిబాబే పెద్ద.

మర్నాడు కొత్త మిషను మీద బిందుప్రియ చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది: ‘లోపల బొట్లు పెట్టరాదు.’

ఆ కాగితానికి నాలుగు మూలలా పసుపు రాసి ఉంది.