వెండి గిన్నెడు ఆకలి

పొద్దున్నే మిర్యాలగూడలో బయల్దేరి, సూర్యాపేటలో వెండి గిన్నె తీసుకుని, పదకొండున్నరకల్లా కోదాడలో అక్క ఇంటికి చేరి, మధ్యాహ్నం ఆమె చేతి అన్నం తిని, నాలుగేళ్ల కోపాన్ని కడిగేసుకుని రావాలన్నది నర్సింగరావు పథకం. పథకంలో లోపమేమీ లేదు. లోపమంతా ఆయన కడుపులో ఉంది.

రెండు నెలల కిందట హైదరాబాదులో ఆయన బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాడు. నూట ముప్ఫై కిలోల మనిషి అప్పుడే పాతిక కిలోల బియ్యం బస్తా ఒకటి దించేసినట్టు తేలికయ్యాడు. కాకపోతే పూటకు చిన్న గిన్నెడు మించి లోపలికి పట్టదు. ముద్దకు ముప్ఫైసార్లు నమలాలి, తింటూ నీళ్లు తాగకూడదు, తీపి ముట్టకూడదు. ఒక్క ముద్ద ఎక్కువైనా కడుపు దాన్ని బయటికి పంపేదాకా ఊరుకోదు. ఈ సంగతి భార్య తారకు తప్ప ఇంకెవరికీ తెలియదు. రైసు మిల్లు యజమాని అన్నం తక్కువ తినడానికి కడుపు కోయించుకున్నాడంటే బజారు నవ్వదా? అందుకే అడిగినవాళ్లందరికీ వాకింగ్ చేస్తున్నానని చెప్పాడు. ఆయన నడవగా చూసినవాళ్లు లేకపోయినా ఊరు నమ్మినట్టే ఉంది.

నవ్వంటే ఆయనకు అంత భయం ఉండడానికి కారణం అక్క కన్యకమ్మే. నాలుగేళ్ల కిందట కోదాడలో కొత్తింటి గృహప్రవేశం నాడు, పంక్తిలో కూర్చున్న తమ్ముడికి వడ్డిస్తూ, "మా తమ్మునికి పెట్టినంక ఇగ గంగాళం కడుక్కోవచ్చు" అంది. ఆమె ముద్దుగానే అంది. కానీ పంక్తిలో నలభై మంది వ్యాపారులు ఘొల్లుమన్నారు. నర్సింగరావు సగం విస్తరి మీద నుంచి లేచి, ఈ ఇంట్లో మళ్లీ మెతుకు ముట్టనని చెప్పి కారెక్కాడు. ఆ తర్వాత ఎన్ని రాఖీలు వచ్చినా పోస్టులోనే వచ్చాయి.

వారం కిందట మేనకోడలు హారిక ఫోన్ చేసింది. కొడుక్కి అన్నప్రాసన. చిన్నప్పుడు తనను ఎత్తుకుని తిప్పిన మామే వాడికి తొలి ముద్ద పెట్టాలని, మామ రాకపోతే వాడు పాల మీదే పెరుగుతాడని తేల్చి చెప్పింది. కన్యకమ్మ ఫోన్ అందుకోలేదు గానీ, వెనక నుంచి ఆమె గొంతు వినపడింది. "వంకాయ కూర చేస్తున్ననని చెప్పు." గుత్తివంకాయ నర్సింగరావుకు ప్రాణం. ఆ రాత్రి ఆయనకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

మిల్లులో ఆ రోజు లారీలకు లోడింగ్ ఉండి తార ఆగిపోవలసి వచ్చింది. అయినా ప్రయాణానికి సరిపడా డబ్బాలు సర్దింది. ఒకదాంట్లో పనీరు ముక్కలు, ఒకదాంట్లో చిక్కటి పెసరపప్పు, ఒకదాంట్లో పెరుగు. తినాల్సిన వేళలకు ఫోన్‌లో తన గొంతుతోనే అలారాలు పెట్టింది. పన్నెండు గంటల గిన్నెను మాత్రం తీసేసింది. అది అక్క చేతిది కాబట్టి, దారిలో ఎవరేం పెట్టినా ముట్టొద్దని మరీ మరీ చెప్పింది.

దారిలో రామనర్సయ్య ఉన్నాడు. సూర్యాపేట మార్కెట్‌లో ధాన్యం కమీషన్ వ్యాపారి, ముప్ఫై ఏళ్ల స్నేహితుడు. అతన్నీ అన్నప్రాసనకు పిలిచారు. వెండి కొట్టు ముందు కారెక్కుతూనే చిక్కిపోయిన నర్సింగరావును చూసి అతని మొహం పాలిపోయింది. సూర్యాపేట దాటగానే హైవే పక్క హోటల్ దగ్గర కారు ఆపించాడు.

తనకు వ్రతమన్నాడు నర్సింగరావు. విందుకు పోతూ వ్రతమేమిటన్నాడు రామనర్సయ్య. అయితే కడుపు బాగాలేదన్నాడు నర్సింగరావు. బాగాలేని కడుపుకు ఇడ్లీని మించిన మందు లేదని రామనర్సయ్య రెండు ప్లేట్లు తెప్పించాడు. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఈయన ఆడిన రెండు అబద్ధాలూ ఒకదాన్నొకటి పట్టించాయి. స్నేహితుడి మొహమాటానికి ఒక్క ముక్క అనుకున్నది ఒక ఇడ్లీ అయింది. కళ్లు మూసుకుని, లోపల ఒకటి నుంచి ముప్ఫై దాకా లెక్కపెట్టుకుంటూ, ఒక్కో ముక్కా నమిలాడు. నీళ్ల గ్లాసును దూరం జరిపాడు. చివరి ముక్క గొంతులోనే నిలబడి, గుండెల మీద చెయ్యి వేసుకుని కాసేపు కదలకుండా కూర్చున్నాడు.

ఎదురుగా కూర్చున్న రామనర్సయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మనిషి చిక్కిపోయాడు, మింగుడు పడటం లేదు, పక్కనున్న సంచిలో మాత్రల అట్టలు కనిపిస్తున్నాయి, అడిగితే మాట దాటేస్తున్నాడు. ఇంకేం అడగాలి? పెద్ద రోగమేనని తేల్చుకున్నాడు. చేయి కడుక్కునే వంకతో అవతలికి పోయి కోదాడకు ఫోన్ చేశాడు. అసలు సంగతి చెప్పడానికి నోరు రాక, నర్సింగరావు వ్రతంలో ఉన్నాడు, అన్నానికి బలవంతం చేయొద్దని కన్యకమ్మ భర్త ప్రభాకర్‌కు చెప్పాడు. మంచి చేయబోయాడు పాపం.

తెల్లవారుజామున లేచి పదకొండు రకాలు వండిన కన్యకమ్మ ఆ మాట విని గరిటె పక్కన పెట్టింది. "వ్రతం కాదది. పంతం" అంది.

ఇంటికి చేరేసరికి ఆమె గుమ్మంలోకి రాలేదు. హారికే ఎదురొచ్చి పిల్లవాణ్ణి మామ ఒళ్లో కూర్చోబెట్టింది. ఇదివరకు ఆయన ఒళ్లో ఏ పిల్లవాడికీ చోటుండేది కాదు. ఇప్పుడు వాడు హాయిగా ఒదిగిపోయి, వెండి గిన్నెలోని పాయసం చివరి చుక్కదాకా నాకి, ఇంకా కావాలని ఏడ్చాడు. నర్సింగరావు కళ్లు చెమర్చాయి. వంటింటి తలుపు పక్క నుంచి కన్యకమ్మ అంతా చూస్తూనే ఉంది.

భోజనాలకు పంక్తి వేశారు. పులిహోర, భక్ష్యాలు, పప్పు, గుత్తివంకాయ, అన్నీ ఆమే వచ్చి తమ్ముడి విస్తట్లో వడ్డించి ఎదురుగా నిలబడింది. నర్సింగరావు వంకాయ చిదిపి ముద్ద కలిపాడు. నోటిదాకా తెచ్చాడు. లోపల ఇడ్లీ ఇంకా కదల్లేదు. తింటే పంక్తిలోనే కక్కుకోవాలి, తినకపోతే అక్కను మళ్లీ పోగొట్టుకోవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ముద్ద విస్తట్లోకి దిగింది.

"నాలుగేండ్లాయె తమ్ముడూ" అంది కన్యకమ్మ మెల్లగా. "ఇంక ఎన్నేండ్లకు పోతది నీ కోపం?"

ఆయన నోరు తెరిచేలోపే రామనర్సయ్య విస్తరి ముందు నుంచి లేచాడు. "ఆయన్నేమనకు అక్కా. ఆయన ఇగ ఎక్కువ దినాలుండడు" అని బావురుమన్నాడు.

కన్యకమ్మ ఉన్నచోటే కూలబడింది. హారిక ఏడుపు అందుకుంది, దాంతో పిల్లవాడూ అందుకున్నాడు. పంక్తిలో చేతులన్నీ ఆగిపోయాయి. మంచి మనిషిగా బతికాడని ఒకరు, తూకంలో ఏనాడూ మోసం చేయలేదని ఒకరు, అప్పుడే నర్సింగరావును గురించి భూతకాలంలో మాట్లాడసాగారు. నాలుగేళ్ల కిందట నవ్విన నలభై మందీ ఇప్పుడు కళ్లు తుడుచుకుంటున్నారు. నర్సింగరావుకు ఆ నవ్వే నయమనిపించింది.

"నేను సస్తలేను" అన్నాడు గట్టిగా. "కడుపు చిన్నగ చేయించుకున్న. ఆపరేషన్. రెండు నెలలాయె. జర ఇడ్లీ తింటేనే నిండిపోతది. అక్క కోసం ఉంచిన జాగల దారిల ఇడ్లీ కూసుంది. గంతే."

ఎవరూ నవ్వలేదు. కన్యకమ్మ మోకాళ్ల మీద జరుగుతూ తమ్ముడి దగ్గరికి వచ్చింది. "నేనప్పుడన్న మాటకేనా కోయించుకున్నవ్?"

"కాదక్కా. మోకాళ్లకు, షుగరుకు. మిల్లు మెట్లెక్కుతుంటే ఆయాసమొస్తుండె." ఆమె చూపు ఆయన మొహం మీద నుంచి కదలలేదు. "నీ మాట సుత కొంచెం" అన్నాడు.

ఆమె చెంగుతో కళ్లొత్తుకుంది. ఇడ్లీ ఎప్పుడు కదులుతుందని అడిగింది. రెండు గంటలకన్నాడు. అయితే తానూ అప్పుడే తింటానని ఆయన పక్కనే గోడకు చేరగిలబడింది. ఈలోగా పంక్తి లేచింది. చేయి కడుక్కుని వచ్చిన వ్యాపారుల్లో ఐదుగురు, ఒకరికి తెలియకుండా ఒకరు, ఆయన చెవి దగ్గర వంగి డాక్టరు నంబరు అడిగారు. ఐదోవాడు బావ ప్రభాకర్.

సరిగ్గా రెండింటికి జేబులోంచి తార గొంతు మోగింది. "ఏమండీ, తినే టైమైంది. ముందుగాల పప్పు తినుండ్రి. నీళ్లు తర్వాత."

కన్యకమ్మ లేచి వెండి గిన్నె కడిగి తెచ్చింది. అందులో పప్పూ, కాసింత మెత్తటి అన్నం, కారం కడిగిన ఒక్క వంకాయా వేసి మెదిపింది. "గంగాళమన్నది నేనే కదా. గిన్నె సుత నేనే పట్టుకుంట" అని తమ్ముడి నోటికి చెంచా అందించింది. ఆయన నములుతుంటే పక్కన కూర్చుని, ముప్ఫై దాకా ఆమే పైకి లెక్కపెట్టింది. నర్సింగరావుకు ఆ ముద్దలో ఉప్పు ఎక్కువైందో, తన కన్నీళ్లే కలిశాయో తెలియలేదు. తర్వాత ఆమె తానూ విస్తరి వేసుకుని అన్నం కలుపుకుంది. అక్క తింటుంటే పక్కన కూర్చోవడం నాలుగేళ్లలో ఆయనకు అదే మొదటిసారి.

ఆ రోజు ఆ ఇంట్లో ఒకే గిన్నెతో ఇద్దరికి అన్నప్రాసన జరిగింది. గిన్నె ఖాళీ చేసింది మాత్రం చిన్నవాడే.